వార్త ముందుగా చేరితే రాయబారికి ఏం మిగులుతుంది?

మీరు అడిగింది రెండు ముక్కలు. పరాయి దేశాల్లో ఉండి వార్తలు పంపిన విలేకరులు దేశాల మధ్య సంబంధాలను నిజంగా మార్చారా, లేక ప్రభుత్వాలే తమ అవసరానికి వాళ్ళని వాడుకున్నాయా అన్నది మొదటిది. ఎం.ఏ. చరిత్ర ప్రాజెక్టు కోసం చెన్నైలోనే ఉండి దీని మీద ఏం చదవొచ్చన్నది రెండోది.

నేను మౌంట్ రోడ్డు మీద ఒక ఇంగ్లిష్ దినపత్రికలో 1979లో చేరి 31 ఏళ్ళు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం విదేశీ వార్తల డెస్కు, నైట్ డ్యూటీ. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఇంగ్లిష్, క్యాంటీన్‌లో తమిళం. పుస్తకాల్లో ఈ సంగతి మీకు ఎలాగూ దొరుకుతుంది. రాత్రి పదకొండింటికి టెలిప్రింటర్ పక్కన నిలబడి కాగితం చింపుకున్నవాడికి ఇది ఎలా కనిపిస్తుందో నేను చెబుతాను.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. "మార్చారా, వాడుకున్నారా" అని విడదీస్తే చిక్కులో పడతారు. చాలాసార్లు ఆ రెండూ ఒకే వార్తలో, ఒకే రోజున జరిగాయి. వార్త ఇచ్చినవాడికి ఒక లెక్క ఉంటుంది. రాసినవాడికి ఇంకో లెక్క. అచ్చయ్యాక అది ఇద్దరి చేతుల్లోనూ ఉండదు.

రాయబారుల పనంతా ఒక వెసులుబాటు మీద నడుస్తుంది. ఈ రోజు అన్న మాటని రేపు కాస్త సర్దుకోవచ్చు. "మేం అన్నది అది కాదు, మీకు అలా వినిపించింది" అనొచ్చు. నాలుగు గోడల మధ్య ఉన్నంతసేపూ ఎవరి పరువూ పోదు. అదే మాట పొద్దున్నే పేపర్లో వచ్చేస్తే ఆ వెసులుబాటు పోతుంది, మంత్రి తన జనం ముందు వెనక్కి తగ్గలేడు. విలేకరి బలమంతా అక్కడే ఉందని నా నమ్మకం. అందుకే ఏ ఉదాహరణ తీసుకున్నా ఒక్కటే చూడండి: ఇంకా తేలని విషయం ఏ రోజున బయటపడింది, దాంతో ఎవరికి వెనక్కి తగ్గే దారి మూసుకుపోయింది?

ఈ అంశం మీద రాసేవాళ్ళందరూ 1854 నాటి క్రిమియా యుద్ధంతో, లండన్ టైమ్స్ విలేకరి విలియం హోవర్డ్ రస్సెల్‌తో మొదలుపెడతారు. గొప్ప విలేకరి, సందేహం లేదు. సైనికుల దుస్థితి మీద ఆ పత్రిక చేసిన హోరుకి 1855 జనవరిలో లండన్‌లో ప్రభుత్వమే పడిపోయింది. 1858లో మన దేశానికి కూడా వచ్చి 1857 తిరుగుబాటు గురించి రాశాడు. కానీ క్రిమియా కథ ప్రధానంగా బ్రిటన్ లోపలి రాజకీయం. మీరు దానితో మొదలుపెట్టొద్దు. 1870 జులైలో ఎమ్స్‌తో మొదలుపెట్టండి.

స్పెయిన్ సింహాసనం మీద జర్మన్ రాజ్యమైన ప్రష్యా రాజవంశానికి చెందిన యువరాజుని కూర్చోబెట్టే ప్రయత్నం జరిగింది. ఫ్రాన్స్ గట్టిగా అడ్డు చెప్పింది. జులై 12న ఆ ప్రయత్నం మానుకున్నారు కూడా. ఫ్రాన్స్ అంతటితో ఊరుకోలేదు. ఇక మీదట ఎప్పుడూ ఇలాంటిది జరగనివ్వనని ప్రష్యా రాజు మాట ఇవ్వాలంది. మర్నాడు పొద్దున ఎమ్స్ అనే ఊళ్ళో, రాజు విల్‌హెల్మ్ షికారుకి వచ్చిన చోట, ఫ్రెంచ్ రాయబారి బెనెడెట్టి ఆయన్ని కలిసి ఆ మాటే అడిగాడు. రాజు మర్యాదగానే కాదన్నాడు. తర్వాత మళ్ళీ కలవాలని అడిగితే, చెప్పాల్సింది చెప్పేశానని తన అంగరక్షక అధికారితో కబురు పంపాడు. జరిగింది ఇంతే. ఈ సంగతంతా బెర్లిన్‌లో ఉన్న ప్రష్యా ప్రధాని బిస్మార్క్‌కి టెలిగ్రాంలో వెళ్ళింది. ఆయన అందులో కొత్తగా అబద్ధం ఏమీ కలపలేదు. కొన్ని వాక్యాలు తీసేశాడు. తీసేశాక మిగిలింది చదివితే, రాయబారి రాజుతో తెగించి మాట్లాడాడని జర్మన్లకీ, రాజు రాయబారిని గుమ్మంలోంచే తరిమేశాడని ఫ్రెంచివాళ్ళకీ అనిపిస్తుంది. దాన్ని ఆ సాయంత్రమే పత్రికలకి ఇచ్చేశాడు.

డెస్కు మీద బతికినవాడిని కాబట్టి, నన్ను ఇప్పటికీ వదలనిది ఇందులో ఒక్క మాట. రాజు పంపిన అధికారిని జర్మన్‌లో "అడ్జుటెంట్" అన్నారు. అంటే రాజు పక్కనే ఉండే పెద్ద హోదా సైనికాధికారి. ఫ్రెంచ్ వార్తాసంస్థ హవాస్ ఆ వార్తని పారిస్‌కి అందించినప్పుడు ఆ మాటని అనువదించకుండా అలాగే ఉంచేసింది. ఫ్రెంచ్‌లో అదే మాటకి అర్థం వేరు, మన లెక్కలో హవల్దారుకి కాస్త పైవాడు. మా దేశపు రాయబారికి జవాబు చెప్పడానికి ఒక హవల్దారుని పంపుతాడా అని పారిస్ వీధుల్లో జనం మండిపడ్డారు. జులై 19న ఫ్రాన్స్ యుద్ధం ప్రకటించింది.

ఆ ఒక్క మాట వల్లే యుద్ధం వచ్చిందని మాత్రం రాయకండి. రెండు వైపులా యుద్ధం కోరుకునేవాళ్ళు అప్పటికే ఉన్నారు. అయితే ఆ టెలిగ్రాం ఫైల్లోనే ఉండిపోయి ఉంటే "పొరపాటుగా అర్థం చేసుకున్నాం" అనడానికి ఒక వారం వ్యవధి దొరికేది. అచ్చులో పడటంతో అది లేకుండా పోయింది.

ఇక విలేకరే నాయకుడైన కథ కావాలంటే టైమ్స్ పారిస్ ప్రతినిధి హెన్రీ ద బ్లోవిట్స్ గురించి చదవండి. 1875లో జర్మనీ మళ్ళీ ఫ్రాన్స్ మీద పడబోతోందన్న భయం లేచింది. ఫ్రెంచ్ విదేశాంగ మంత్రి దెకాజ్ తన దగ్గరున్న సమాచారాన్ని బ్లోవిట్స్‌కి అందించాడు. మే 6న టైమ్స్‌లో ఆ కథనం వచ్చింది. లండన్, సెయింట్ పీటర్స్‌బర్గ్ రెండూ కదిలి బెర్లిన్‌కి గట్టిగా చెప్పాయి. బిస్మార్క్ తగ్గాల్సి వచ్చింది. ఇక్కడ మీ ప్రశ్నలోని రెండు ముక్కలూ కలిసి ఉన్నాయి. మంత్రి విలేకరిని వాడుకున్నాడు, విలేకరికి జీవితంలో దొరకని వార్త దొరికింది, యూరప్‌లో ఒక యుద్ధం అప్పటికి తప్పింది. ఇందులో ఎవరు ఎవరిని వాడుకున్నారో తేల్చి చెప్పమంటే నేను చెప్పలేను.

మూడేళ్ళ తర్వాత, 1878లో బెర్లిన్ కాంగ్రెస్. యూరప్ పెద్ద దేశాలన్నీ కూర్చుని బాల్కన్ సరిహద్దులు గీస్తున్నాయి. లోపల జరిగేది రహస్యం. బ్లోవిట్స్ తన మనిషి ఒకణ్ణి లోపల ఉద్యోగంలో పెట్టించాడు. ఇద్దరూ రోజూ ఒకే హోటల్లో భోంచేసేవాళ్ళు, ఒక్క మాట కూడా మాట్లాడుకునేవాళ్ళు కాదు. వెళ్ళేటప్పుడు మాత్రం ఒకరి టోపీ ఒకరు తీసుకుని వెళ్ళేవాళ్ళు. చీటీ టోపీ లోపలి అంచులో ఉండేది. ఇదంతా ఆయన తన జ్ఞాపకాల్లో స్వయంగా రాసుకున్నది. తన గురించి పెద్దగా చెప్పుకునే అలవాటున్న మనిషి కాబట్టి కొంచెం తగ్గించుకుని చదవండి. కానీ చివరి ఫలితంలో అనుమానం లేదు. జులై 13న బెర్లిన్‌లో సంతకాలు జరిగిన రోజే, 64 అధికరణాల ఒప్పందం పాఠం లండన్‌లో టైమ్స్ పేజీల మీద ఉంది. బెర్లిన్ నుంచి టెలిగ్రాం ఇస్తే ఆపేస్తారని, కాగితాల్ని తోటి విలేకరి కోటు లైనింగ్‌లో కుట్టి బ్రస్సెల్స్ దాటించి అక్కడి నుంచి పంపారు.

అదే ఏడాది సెప్టెంబరు 20న మన మద్రాసులో ఏం జరిగిందో చూడండి. మద్రాసు హైకోర్టు జడ్జిగా టి. ముత్తుస్వామి అయ్యర్‌ని వేస్తే, తెల్లవాళ్ళ పత్రికలు ఒక భారతీయుడికి ఆ పదవేమిటని ఎద్దేవా చేశాయి. దానికి జవాబు చెప్పడానికి ట్రిప్లికేన్ కుర్రాళ్ళు ఆరుగురు ఒక రూపాయి పన్నెండణాలు అప్పు చేసి, మింట్ స్ట్రీట్‌లోని ప్రెస్సులో 80 కాపీలు వేశారు. అదే ది హిందూ. వాళ్ళల్లో ఒకరు మాడభూషి వీరరాఘవాచారి. అక్కడ బెర్లిన్ ఒప్పందం కోటు లైనింగ్‌లో ప్రయాణం చేస్తుంటే, ఇక్కడ మనవాళ్ళకి తమ మాట తాము చెప్పుకోవడానికి అప్పుడప్పుడే ఒక కాగితం దొరికింది. మీ ప్రాజెక్టులో ఈ రెండు తేదీలూ ఒకే పేజీ మీద ఉంటే బాగుంటుంది.

1908లో జర్మన్ చక్రవర్తి కైజర్ మాటలు డైలీ టెలిగ్రాఫ్‌లో రావడం కూడా చదవాల్సిందే. ఇంగ్లాండ్‌కి నేను స్నేహితుణ్ణి, మా జనంలో చాలామందికి మాత్రం మీరంటే గిట్టదు అన్నట్టు మాట్లాడి రెండు దేశాల్లోనూ గొడవ తెచ్చుకున్నాడు. అచ్చుకి ముందు ఆ పాఠం ఛాన్సలర్ బ్యూలోవ్ దగ్గరికి వెళ్ళింది. ఆయన చదవకుండానే కింది అధికారులకి తోసేశాడు. ప్రభుత్వాఫీసుల్లో ఫైలు కదిలే తీరు తెలిసినవాళ్ళకి ఇందులో ఆశ్చర్యం ఉండదు.

1935 డిసెంబరు హోర్-లావాల్ ఒప్పందం నా సూత్రానికి అన్నిటికన్నా శుభ్రమైన ఉదాహరణ. ఇథియోపియాలో పెద్ద భాగాన్ని ముస్సోలినీకి అప్పజెప్పి గొడవ సర్దేద్దామని బ్రిటిష్, ఫ్రెంచ్ మంత్రులు పారిస్‌లో రహస్యంగా అనుకున్నారు. రోజు తిరక్కుండానే పారిస్ పత్రికల్లో వచ్చేసింది. బ్రిటన్‌లో జనం తిరగబడ్డారు. డిసెంబరు 18న బ్రిటిష్ విదేశాంగ మంత్రి హోర్ రాజీనామా. పథకం చచ్చింది. నెల తర్వాత బయటపడి ఉంటే ఇథియోపియా మీద సంతకాలు అయిపోయి ఉండేవేమో.

ఇప్పుడు మన వైపుకి వద్దాం. ఇక్కడ ఒక విషయం ముందు గ్రహించాలి. 1870లో లండన్ వార్తాసంస్థ రాయిటర్స్, ఫ్రెంచ్ హవాస్, జర్మనీకి చెందిన వోల్ఫ్ కూర్చుని వార్తల కోసం ప్రపంచాన్ని పంచుకున్నాయి. బ్రిటిష్ సామ్రాజ్యం రాయిటర్స్ వాటా. అంటే మద్రాసులో తెలుగువాడు బెర్లిన్ గురించి చదవాలన్నా, టోక్యో గురించి చదవాలన్నా, అది లండన్ కళ్ళతో చూసిందే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్రపత్రికని బొంబాయి నుంచి తెచ్చి 1914 ఏప్రిల్‌లో ఇక్కడ దినపత్రికగా మొదలుపెట్టారు. ఆఫీసు తంబుచెట్టి వీధిలో. నాలుగు నెలలకే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆ సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎమ్డెన్ మద్రాసు రేవు మీద నూటికి పైగా గుళ్ళు పేల్చి, బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబెట్టి వెళ్ళిపోయింది. హైకోర్టు ప్రహరీ గోడకి తూర్పు వైపున ఇప్పటికీ దాని గుర్తుగా ఒక ఫలకం ఉంది, వెళ్ళి చూడండి. మా తాతగారు అప్పుడు జార్జ్‌టౌన్‌లో ఒక కొట్లో గుమాస్తా. రేవు వైపు ఆకాశం ఎర్రబడటం మేడ మీంచి చూశామనీ, తెల్లారేసరికి జనం మూటలు కట్టుకుని ఊరు విడిచి వెళ్తున్నారనీ చెప్పేవారు. "పేపర్లో యుద్ధం ఎక్కడో ఉందనేవాళ్ళు, అది మా వీధి చివరికి వచ్చింది" అన్నది ఆయన మాట. దూరం నుంచి వచ్చే వార్తని ఎంత నమ్మాలన్న ప్రశ్న మా ఇంట్లో అలా మొదలైంది.

మన సొంత వార్తాసంస్థ పీటీఐ (ప్రెస్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా) 1947 ఆగస్టు 27న రిజిస్టర్ అయింది ఈ మద్రాసులోనే. 1949 ఫిబ్రవరిలో పని మొదలుపెట్టింది. రాయబార కార్యాలయాలు తెరిచినంత ముఖ్యమైన పని అదని నేను అంటాను.

1930 మే 21న ధరాసన ఉప్పు కొఠారుల దగ్గర జరిగింది మీకు తెలిసే ఉంటుంది. ముందు నిలబడింది మన హైదరాబాదు సరోజినీ నాయుడు. యునైటెడ్ ప్రెస్ విలేకరి వెబ్ మిల్లర్ అక్కడ ఉన్నాడు. వరసలు వరసలుగా ముందుకెళ్ళి లాఠీ దెబ్బలు తింటున్నవాళ్ళల్లో ఒక్కడు కూడా దెబ్బ కాచుకోవడానికి చెయ్యెత్తలేదని రాశాడు. తర్వాత తాత్కాలిక ఆసుపత్రికి వెళ్ళి స్వయంగా లెక్కపెట్టాడు, గాయపడినవాళ్ళు 320 మంది. టెలిగ్రాం వెళ్ళనివ్వలేదు. మీరు సెన్సార్ చేస్తున్నారన్న సంగతే ప్రపంచానికి చెబుతానని బెదిరిస్తే అప్పుడు వదిలారు. 1,350 పత్రికల్లో అచ్చయింది. అమెరికా సెనేట్ రికార్డుల్లోకి కూడా ఎక్కింది. అమెరికా ప్రభుత్వం దాంతో ఏ విధానమూ మార్చుకోలేదు, ఆ మాట నిజాయితీగా రాయండి. కానీ "ఇండియాలో అంతా సవ్యంగా ఉంది" అని అమెరికన్లకి చెప్పే పని బ్రిటన్‌కి ఆ రోజు నుంచి చాలా కష్టమైంది. ఆసుపత్రికి వెళ్ళి తలలు లెక్కపెట్టినవాడి వార్తని కొట్టిపారేయడం తేలిక కాదు.

ఆ కష్టం 1944లో బాగా బయటపడింది. విలియం ఫిలిప్స్ అనే దౌత్యవేత్తని రూజ్‌వెల్ట్ తన సొంత ప్రతినిధిగా ఢిల్లీకి పంపాడు. ఫిలిప్స్ జైల్లో ఉన్న గాంధీని కలవాలని అడిగితే వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఒప్పుకోలేదు. 1943 మేలో ఆయన రూజ్‌వెల్ట్‌కి ఒక ఉత్తరం రాశాడు. భారతీయులకి స్వాతంత్ర్యం మీద నమ్మకం కలిగించకపోతే ఈ యుద్ధంలో వాళ్ళ మనసు మనతో ఉండదు, ఇక్కడి సైన్యం జీతానికి పోరాడేది తప్ప మరోటి కాదు అన్నది దాని సారం. 1944 జులై 25న డ్రూ పియర్సన్ తన వాషింగ్టన్ కాలమ్‌లో దాన్ని బయటపెట్టాడు. బ్రిటిష్ రాయబార కార్యాలయం అమెరికా ప్రభుత్వాన్ని నిలదీసింది. ఆ ఉత్తరంతో మాకు సంబంధం లేదని చెప్పమంది. అమెరికా అలా చెప్పలేకపోయింది, ఎందుకంటే ఉత్తరం నిజమైంది. తర్వాత కొన్ని వారాలకి, ఫిలిప్స్ ఇక ఇండియాకి పనికిరాడని ఢిల్లీ నుంచి వెళ్ళిన టెలిగ్రాం కూడా బయటికొచ్చింది. పక్కపక్కన యుద్ధం చేస్తున్న రెండు మిత్రదేశాలు మన దేశం విషయంలో ఒకరినొకరు ఎలా చూస్తున్నాయో అప్పుడు లోకానికి తెలిసింది. మీరు ఒక్క ఉదాహరణే తీసుకోవాలంటే ఇదే తీసుకోమంటాను. కాగితాలన్నీ దొరుకుతాయి.

రాయకపోవడం కూడా దౌత్యమే. దీన్ని చాలామంది మర్చిపోతారు. న్యూయార్క్ టైమ్స్ మాస్కో విలేకరి వాల్టర్ డ్యురాంటీకి 1932లో పులిట్జర్ బహుమతి వచ్చింది. మరుసటి ఏడాది ఉక్రెయిన్‌లో జనం లక్షల్లో ఆకలితో చనిపోతుంటే, గారెత్ జోన్స్ అనే వేల్స్ కుర్రాడు ఊళ్ళ వెంట నడిచి చూసి, మార్చి చివర్లో బెర్లిన్‌కి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాడు. రెండు రోజులు తిరక్కుండా డ్యురాంటీ తన పత్రికలో దాన్ని కొట్టిపారేశాడు. ఆకలి ఉంది కానీ ఆకలిచావులు లేవన్నాడు. మాస్కోలో ఉన్న మిగతా విదేశీ విలేకరులు కూడా జోన్స్ పక్షాన నిలబడలేదు. అప్పుడే అక్కడ బ్రిటిష్ ఇంజనీర్ల మీద విచారణ జరగబోతోంది. దాన్ని రిపోర్ట్ చేయాలంటే సెన్సార్ అధికారి దయ కావాలి. వీసా, టెలిగ్రాం, ఇల్లు, అన్నీ ఆయన చేతిలో ఉన్నాయి. ఆ నవంబరులో అమెరికా సోవియట్ ప్రభుత్వాన్ని అధికారికంగా గుర్తించింది. చర్చలకి వెళ్ళిన సోవియట్ విదేశాంగ మంత్రి లిత్వినోవ్ వెంట డ్యురాంటీ కూడా అమెరికా వెళ్ళాడు, న్యూయార్క్ విందులో ఆయన పేరు చదివితే చప్పట్లు కొట్టారు. జోన్స్‌ని మళ్ళీ సోవియట్ దేశంలో అడుగుపెట్టనివ్వలేదు. 1935లో చైనా వైపు బందిపోట్ల చేతిలో చనిపోయాడు, 30 ఏళ్ళు నిండటానికి ఒక్క రోజు ముందు. ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. ఆ కుర్రాడు అబద్ధాలకోరని పేరు మోసి పోయాడు.

బంగ్లాదేశ్ యుద్ధం జరిగిన 1971కి ఒక అధ్యాయం మొత్తం ఇచ్చినా తక్కువే. మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం దాడి మొదలుపెట్టగానే విదేశీ విలేకరుల్ని ఇంటర్‌కాంటినెంటల్ హోటల్లో బంధించి దేశం దాటించేశారు. సైమన్ డ్రింగ్ దాక్కుని ఉండిపోయి, ఊరంతా చూసి, డైలీ టెలిగ్రాఫ్‌కి రాశాడు. అంతకన్నా పెద్ద దెబ్బ ఆంథొనీ మాస్కరెన్హాస్‌ది. ఆయన కరాచీ విలేకరి. పరిస్థితి మామూలుగా ఉందని రాయడానికి సైన్యమే తూర్పు పాకిస్తాన్‌కి తీసుకెళ్ళిన ఎనిమిది మందిలో ఒకడు. అక్కడ చూసిన మారణకాండని కడుపులో పెట్టుకుని లండన్ వెళ్ళి సండే టైమ్స్‌తో మాట్లాడుకున్నాడు. వెనక్కి వచ్చి, భార్యాపిల్లల్ని ముందు దాటించి, తను కాలినడకన ఆఫ్ఘనిస్తాన్‌లోకి వెళ్ళాడు. జూన్ 13న వచ్చింది ఆ కథనం. అది చదివాక చలించిపోయి యూరప్ రాజధానులకీ మాస్కోకీ స్వయంగా వెళ్ళి నచ్చజెప్పే పని మొదలుపెట్టానని ఇందిరాగాంధీ ఆ పత్రిక సంపాదకుడు హెరాల్డ్ ఎవాన్స్‌తో అన్నారు. రాయమని తీసుకెళ్ళినవాళ్ళ చేయి దాటి వార్త ఎటు పోతుందో చెప్పడానికి నాకు దీన్ని మించినది తెలియదు.

యుద్ధం ముగిశాక, 1972 జనవరిలో అమెరికా కాలమిస్టు జాక్ ఆండర్సన్ వైట్‌హౌస్ రహస్య సమావేశాల కాగితాలు అచ్చేశాడు. మేం ఇండియాకి వ్యతిరేకం కాదని బయట చెబుతూ, లోపల మాత్రం ఇండియా మీద కఠినంగా ఉండటం లేదని అధ్యక్షుడు ప్రతి అరగంటకీ తిడుతున్నాడని ఆయన భద్రతా సలహాదారు కిసింజర్ అనడం అందులో ఉంది. మనవాళ్ళకి కొన్నేళ్ళ పాటు అమెరికా మాట మీద నమ్మకం కుదరకపోవడంలో ఆ కాగితాల వాటా పెద్దది.

వేళ తప్పిన వార్త ఏమవుతుందో కూడా చూడండి. 1987 జనవరి చివర్లో, సరిహద్దుల్లో సైన్యాలు ఎదురెదురుగా ఉన్నప్పుడు, పాకిస్తాన్ అణు శాస్త్రవేత్త ఎ.క్యూ. ఖాన్ మన విలేకరి కులదీప్ నయ్యర్‌కి ఇంటర్వ్యూ ఇచ్చాడు. మా దగ్గర బాంబు ఉందని చెప్పకనే చెప్పాడు. అది లండన్ అబ్జర్వర్‌లో అచ్చయ్యేసరికి మార్చి 1. ఈలోగా ఫిబ్రవరి మొదట్లోనే రెండు దేశాలూ సైన్యాల్ని వెనక్కి పిలవడానికి ఒప్పుకున్నాయి. బెదిరింపుగా పంపిన మాట బెదిరింపు అవసరం తీరాక చేరింది. కానీ వాషింగ్టన్‌లో పాకిస్తాన్‌కి సాయం మీద చర్చ నడుస్తున్న రోజులవి, అక్కడ అది వేరే తలనొప్పి అయింది.

చెన్నై కథ చెప్పకుండా ఉండలేను. 1983 జులై తర్వాత శ్రీలంక తమిళ సాయుధ దళాలన్నీ ఈ ఊళ్ళోనే ఉన్నాయి. విదేశీ విలేకరులు వరసగా దిగేవాళ్ళు, హోటల్లో సామాను పెట్టి నేరుగా వాళ్ళ ఆఫీసులకి వెళ్ళేవాళ్ళు. శిక్షణ శిబిరాలేవీ లేవని ఢిల్లీ అంటూ ఉండేది. 1984 మార్చిలో ఇండియా టుడే ఆ శిబిరాల గురించి కవర్ స్టోరీ వేసింది. ఆ తర్వాత కూడా ఢిల్లీ కాదనే అంది, కానీ కొలంబో ప్రతి వేదిక మీదా ఆ పత్రికని చూపించేది.

అప్పటి డెస్కు టెన్షన్ ఎలాంటిదో నాకు తగిలిన దెబ్బతో చెబుతాను. 1980ల మధ్యలో ఒక రాత్రి, ఒక పొరుగు దేశంతో చర్చల గురించి ఏజెన్సీ కాపీ వచ్చింది. అందులో మూడో పేరాలో ఒక ఘాటైన మాట ఉంది, దాని చివర "అని పేరు చెప్పడానికి ఇష్టపడని అధికారి ఒకరు అన్నారు" అని ఉంది. పేజీ కట్టే ఆయన రెండు లైన్లు ఎక్కువయ్యాయి, తీసేయండి సార్ అన్నాడు. ఒంటిగంట దాటింది, నీలగిరి ఎడిషన్ వ్యాను కింద హారన్ కొడుతోంది. నేను ఆ రెండు లైన్లే తీశాను. దాంతో అది ఒక అధికారి గొణుగుడు కాకుండా ప్రభుత్వం మాట అయిపోయింది. మర్నాడు పదిన్నరకి ఒక రాయబార కార్యాలయం నుంచి సంపాదకుడికి ఫోను. "ఇది మీ ప్రభుత్వ వైఖరా?" అని. లోపలి పేజీలో నాలుగు లైన్ల సవరణ వేశాం. ఈలోగా ఆ దేశంలో పత్రికలు మద్రాసు పత్రిక చెబుతోందంటూ రాసేశాయి, సవరణ ఎవరూ రాయలేదు. బిస్మార్క్ కావాలని చేసిన పని నేను జాగా కోసం చేశాను. ఆ రోజు నుంచి "ఎవరన్నారు" అనే ముక్కని ఏ కాపీలోనూ ముట్టుకోలేదు, కొత్తగా చేరిన పిల్లలకి మొదటి వారమే అది నేర్పేవాణ్ణి.

ఇక మీ పని. ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీ, తమిళనాడు ఆర్కైవ్స్ రెండూ నడిచి వెళ్ళేంత దగ్గర్లో ఉన్నాయి. మీ గైడ్ దగ్గర ఉత్తరం తీసుకుని ఆర్కైవ్స్‌కి వెళ్ళి "నేటివ్ న్యూస్‌పేపర్ రిపోర్ట్స్" అడగండి. బ్రిటిష్ ప్రభుత్వం తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ పత్రికల్లో ఏం రాస్తున్నారో సారాంశం ఇంగ్లిష్‌లో చేయించుకుని చదివేది. మన పత్రికల మాట పాలకుల చెవిన ఏ రూపంలో పడిందో చూడటానికి అంతకంటే మంచి చోటు లేదు. అమెరికా విదేశాంగ శాఖ పాత కాగితాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి, ఫిలిప్స్ వ్యవహారం వాటిలో చదవొచ్చు.

ఏ ఉదాహరణ తీసుకున్నా నాలుగు తేదీలు రాసుకోండి: సంఘటన జరిగినది, విలేకరి పంపినది, అచ్చయినది, ప్రభుత్వం ఫైల్లో దాని ప్రస్తావన వచ్చినది. మూడో తేదీకీ నాలుగో తేదీకీ మధ్య మంత్రి మాట మారిందా అన్నదే మీ ప్రాజెక్టు. మారకపోతే మారలేదని రాయండి, అది కూడా ఫలితమే. పది ఉదాహరణలు పైపైన చేయొద్దు, ఒకటో రెండో లోతుగా చేయండి.

ఒక్కటి మాత్రం మీరు చేస్తే నాకు సంతోషం. ఆ రిపోర్టుల్లో ఆంధ్రపత్రిక వార్తకి ఇంగ్లిష్ సారాంశం దొరికినప్పుడు, అదే రోజు తెలుగు సంచిక కోసం కూడా వెతకండి. తెలుగు చదవగలిగినవాళ్ళు ఆ పనికి చాలా తక్కువమంది వస్తారు. రెండూ దొరికితే పక్కపక్కన పెట్టుకుని, అనువాదకుడి చేతిలో ఏ మాట బరువు పెరిగింది, ఏది తగ్గింది, ఏది ఆ "అడ్జుటెంట్"లా దాటిపోయింది అని ఒక్కొక్క వాక్యమే చూసుకుంటూ వెళ్ళండి.